కంచెకి ఇవతల నాన్న

టోకు కూరగాయల మార్కెట్లో మైకులు రెండుండేవి. ఒకటి ఆఫీసు గది గోడకి వేలాడుతూ, ఎప్పుడో పాడైపోయి సాలెగూడు కట్టింది. రెండోది, దాని అవసరం లేకుండా చేసిన మనిషి. పొద్దున్నే లారీల్లోంచి దిగిన ఉల్లిపాయల బస్తాల మీదికెక్కి అతను "ఒకటోసారీ!" అన్నాడంటే, గేటు బయట టీ తాగుతున్న వ్యాపారులు గ్లాసులు ఎక్కడివక్కడ పెట్టేసి పరిగెత్తుకొచ్చేవారు. అందుకే వేలంపాట పాడే ఆ మనిషిని మార్కెట్ అంతా మైకు అనే పిలిచేది. జలుబు చేసినా ఆ గొంతు తగ్గేది కాదు. అతను ఇంట్లో ఫోన్లో మాట్లాడుతుంటే, "ఫోనెందుకండీ అనవసరంగా, ఆ కిటికీ తీసి మాట్లాడండి, వాళ్లకి వినిపిస్తుంది" అనేది భార్య.

వాళ్లకి ఒక్కతే కూతురు. నడక వచ్చీరాని వయసులో అల్మారా అరలు పట్టుకుని పైదాకా పాకి, అక్కణ్నుంచి పరుపు మీదికి దూకిందని ఉడత అని పేరు పెట్టారు. పిల్ల పెరిగినా ఆ పేరు పోలేదు, ఆ దూకుడూ పోలేదు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ దూకుడంతా ఫుట్‌బాల్ మైదానంలో గోల్ ముందుకి చేరింది. బడి అమ్మాయిల జట్టుకి ఉడతే గోల్‌కీపర్. సన్నగా, పొడుగ్గా, మోచేతుల మీద ఎప్పుడూ మానీమానని గీతలతో ఉండేది. బంతి ఎటు రాబోతోందో ముందే తెలిసినట్టు అటు వాలేది. మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం నోట్లో నాలుక లేనట్టే.

"నా పోలిక వచ్చుంటే గలగలా మాట్లాడేది. దీనికి నీ పోలిక వచ్చింది" అని మైకు భార్యని ఆటపట్టించేవాడు.

"ఈ ఇంట్లో మీరు ఆపితేగా, ఇంకొకళ్లకి సందు దొరికేది" అనేది ఆమె.

కూతురి ఆటంటే మైకుకి ప్రాణం. మార్కెట్ నుంచి నేరుగా, చొక్కా మీద ఉల్లిపొట్టు దులుపుకోకుండానే వచ్చేసేవాడు. గోల్ వెనకున్న ఇనుప కంచె దగ్గర నిలబడి, వేళ్లు ఆ జాలీలోకి దూర్చి పట్టుకునేవాడు. ఈల ఊదింది మొదలు, "కుడివైపు చూడు! ముందుకి రా, ముందుకి! ఏడో నంబరు అమ్మాయి ఖాళీగా ఉందే! కాళ్లు కదుపు, కాళ్లు!" అంటూ ఆట అయ్యేదాకా ఆపేవాడు కాదు. జన్మలో ఫుట్‌బాల్ ఆడింది లేదు. టీవీలో చూసి, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నదే అంతా. పక్కన నిలబడ్డ తల్లిదండ్రులు చెవులు తడుముకుంటూ మెల్లగా దూరం జరిగేవారు. ఒకసారి రిఫరీ కూడా వచ్చి కాస్త తగ్గించమన్నాడు. "నా కూతురికి నేను చెప్పక ఊళ్లోవాళ్లు చెప్తారా?" అన్నాడు మైకు. ఉడత ఆపే బంతుల్లో సగం తన చేతులతో ఆపుతోందనీ, మిగతా సగం తండ్రి గొంతుతో ఆపుతోందనీ అతను నిజంగానే నమ్మాడు.

ఆ నమ్మకం ఒక మధ్యాహ్నం బెడిసికొట్టింది. గట్టి జట్టుతో ఆట. ఇరువైపులా ఒక్క గోలూ లేదు. చివరికి వచ్చేసరికి అవతలి జట్టు అమ్మాయి దూరం నుంచి బలంగా కొట్టింది. బంతి వంపు తిరుగుతూ గోల్ స్తంభం వైపు వస్తోంది. మైకు నిలబడ్డ చోటు నుంచి చూస్తే అది బయటికి పోతున్నట్టే ఉంది.

"వదిలెయ్! బయటికే! వదిలెయ్!" అని అరిచాడు.

అప్పటికే గాల్లోకి చాచిన చెయ్యిని ఉడత రెప్పపాటు వెనక్కి తీసుకుంది. బంతి స్తంభం లోపలి అంచుకి తగిలి వలలో పడింది. జట్టు ఓడిపోయింది.

ఇంటికి వెళ్లేటప్పుడు వ్యానులో మైకు ఆటంతా మొదట్నుంచీ మళ్లీ ఆడాడు. ఎవరు ఎక్కడ నిలబడాల్సింది, ఎవరు ఎవరిని వదిలేశారు, మధ్యలో ఆడే పిల్లకి అసలు బుద్ధుందా లేదా, అన్నీ వరసగా. పక్క సీట్లో ఉడత చేతి తొడుగుల్ని వేలు తర్వాత వేలు లాగుతూ కూర్చుంది.

"ఆ గోల్ దగ్గర నువ్వు కాస్త ముందు కదిలుంటే..." అన్నాడు మైకు.

"చెయ్యి చాపాను నాన్నా."

"చాపావు, కాదనను, కానీ..."

"నువ్వు వదిలెయ్ అన్నావు."

వ్యాను ఎర్రలైటు దగ్గర ఆగి ఉంది. లైటు పచ్చబడి వెనకనుంచి హారన్లు మోగాక గానీ మైకు బండి కదిలించలేదు.

ఇంటి గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ ఉడత అంది: "వచ్చే ఆటకి నువ్వు రావద్దు నాన్నా."

కోపంగా అనలేదు. మంచినీళ్లు ఇమ్మని అడిగినట్టు అంది. కోపంగా అని ఉంటే మైకు తిరిగి కోప్పడేవాడు. ఇంత నెమ్మదిగా అనేసరికి ఏం చెయ్యాలో తోచక, చేతిలో తాళాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

భార్య ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలో పనిచేసేది. డ్యూటీ నుంచి వచ్చి ఆమె చెప్పులు విడుస్తుండగానే మైకు ఎదురెళ్లాడు.

"విన్నావా? ఆటకి రావద్దంది నీ కూతురు. నన్ను!"

"నాతో ఎప్పట్నించో అంటోంది. మీతో చెప్పే ధైర్యం ఇవాళ వచ్చింది. సంతోషించండి."

"సంతోషించాలా? దాని మంచికోసమే కదా నేను గొంతు చించుకునేది!"

ఆమె సంచి బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది. "మా గదికి చెయ్యి విరిగిన పిల్లల్ని తీసుకొస్తుంటారు. నేను నెమ్మదిగా 'కదలకు నాన్నా, అయిపోయింది' అంటుంటాను. తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి 'కదలకు! కదలకన్నానా!' అని ఒక్క కేక పెడతాడు. పిల్ల గభాలున ఆయన వైపు తిరుగుతుంది. ఫోటో చెడిపోతుంది. ఆయన అరిచింది ప్రేమతోనే, ఎవరు కాదంటారు? కానీ ఆ నొప్పి చెయ్యి మళ్లీ తిప్పి పెట్టించుకోవాల్సింది ఆ పిల్లే కదండీ."

మైకు అంతా విన్నాడు. కానీ మనసు ఒప్పుకోలేదు. మర్నాడు పని కాగానే మైదానానికి వెళ్లాడు, కోచ్ మేడం చేత కూతురికి రెండు మంచి మాటలు చెప్పిద్దామని. ఆవిడ ఒక మూల ముక్కాలిపీట మీద కూర్చుని, పంపుతో బంతుల్లోకి గాలి కొడుతోంది.

"మా అమ్మాయి నన్ను రావద్దంటోంది మేడం. మీరైనా కాస్త..."

"నేనే మీ దగ్గరికి వద్దామనుకుంటున్నాను" అంది ఆవిడ, పంపు ఆపకుండా. "మీ అమ్మాయి చేతుల గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా నోటి గురించే."

"నోటి గురించా?"

"గోల్ దగ్గర నిలబడ్డవాళ్లకి మైదానమంతా కనిపిస్తుంది. ముందు ఆడే పిల్లలకి వెనక ఎవరొస్తున్నారో తెలియదు. గోల్‌కీపరే అరిచి చెప్పాలి. మీ అమ్మాయి చెప్పదు. ప్రాక్టీసులో అంతంతమాత్రం, ఆట రోజున అసలే లేదు."

మైకుకి తల కొట్టేసినట్టయింది. "నా కూతురికి గొంతు లేదంటారా! నా కూతురికి!"

"ఉందో లేదో నాకూ తెలీదండీ. ఆట జరుగుతున్నంతసేపూ మీ గొంతే వినిపిస్తోంది."

ఆవిడ ఎగతాళిగా అనలేదు. బంతిని నేలకేసి కొట్టి చూసి, పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. మైకు తనే వంగి ఆ బంతిని కదలకుండా పట్టుకున్నాడు.

"అయితే నేనేం చెయ్యమంటారు?"

"వేళకి దింపండి, వేళకి తీసుకెళ్లండి. నీళ్ల సీసా మర్చిపోకుండా చూడండి. నేర్పడం నా పని, ఆడడం తన పని. ఇక చూడడం ఒక్కటే మిగిలింది, అది మీది."

"చూడడం కూడా ఒక పనేనా మేడం?"

"చేసి చూడండి, తెలుస్తుంది."

తర్వాతి ఆట రోజున మైకు కూతుర్ని గేటు దగ్గర దింపి, వ్యానుని ప్రహరీ గోడ పక్కనున్న వీధిలో పెట్టుకున్నాడు. లోపలికి వెళ్లలేదు, అలాగని ఇంటికీ వెళ్లలేకపోయాడు. గోడ అవతల ఈల వినిపించింది. పిల్లల కేకలు వినిపించాయి. ఉన్నట్టుండి పెద్ద హోరు లేచింది, ఎవరి గోలో తెలియదు. అతను వ్యాను దిగాడు, ఎక్కాడు, మళ్లీ దిగాడు. శుభ్రంగా ఉన్న అద్దాన్ని మళ్లీ తుడిచాడు. స్టెప్నీ టైరు బోల్టు బిగించాడు. బిగించినదాన్ని వదులు చేసి మళ్లీ బిగించాడు. దారిన పోయే ఒకాయన ఆగి, "బండి చెడిందా అన్నా?" అని అడిగాడు.

"బండి బాగానే ఉంది. నేనే..." అని ఊరుకున్నాడు.

ఆట అయ్యాక ఉడత గేటులోంచి వస్తోంది. మొహం చూస్తే ఏమీ అంతుపట్టలేదు. గెలిచారా, ఎన్ని ఆపావు, ఎన్ని వదిలావు, ఆ హోరేంటి, అన్ని ప్రశ్నలూ ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. మైకు పళ్లు బిగించి వాటిని అక్కడే ఆపాడు.

"ఆకలేస్తోందా?" అన్నాడు.

ఉడత ఆశ్చర్యంగా చూసింది. "బాగా."

రోడ్డు పక్క బండి దగ్గర ఆగి, బ్రెడ్డు ముక్కల మధ్య ఆమ్లెట్ పెట్టించుకున్నారు. ఉడత గబగబా సగం తినేసింది. ఆ తర్వాత మూతి తుడుచుకుని, "ఇవాళ ఏం జరిగిందో తెలుసా నాన్నా" అని మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. గెలిచారట. కార్నర్ నుంచి వచ్చిన బంతిని గుద్ది పంపించిందట. ఒకసారి మరీ ముందుకెళ్లి జారిపడిందట. గోల్ పడాల్సిందే, అదృష్టం బాగుండి బంతి పైనుంచి పోయిందట.

"అక్కడ నువ్వు..." అని మైకు అనబోయి, గబుక్కున పెద్ద ముక్క కొరికి నోరు నింపేసుకున్నాడు. బుగ్గలు ఉబ్బిపోయాయి. ఉడతకి నవ్వాగలేదు. ఆటకి వెళ్లొచ్చిన రోజున ఆ పిల్ల తండ్రి పక్కన కూర్చుని నవ్వి చాలా కాలమైంది. అది మైకుకి అప్పుడే తెలిసింది.

అప్పట్నుంచి అదే పద్ధతి. మైకు గోడ ఇవతల, ఉడత గోడ అవతల. ఆట ముగిశాక బండి దగ్గర కబుర్లు. చూడకపోయినా, వెనకటికంటే ఇప్పుడే కూతురి ఆట తనకి ఎక్కువ తెలుస్తున్నట్టు అనిపించేది. జట్టు ఒక్కో ఆటా గెలుస్తూ ఫైనల్‌కి చేరింది.

ఒక సాయంత్రం ఉడత తొడుగులు ఉతికి తీగ మీద ఆరేస్తూ అంది: "ఆదివారం అమ్మకి సెలవేగా. ఇద్దరూ రండి."

మైకు వినిపించనట్టు నటించాడు. "ఎవరూ, నేనా?"

"నువ్వే. కానీ కంచె దగ్గర వద్దు. మెట్ల మీద అమ్మ పక్కన కూర్చో. ఏమీ చెప్పకు."

"చప్పట్లు కొట్టొచ్చా?"

ఉడత కాస్త ఆలోచించింది. "కొట్టొచ్చు."

"ఈల?"

"నాన్నా!"

"సరే సరే, ఊరికే అడిగాను."

ఆదివారం మెట్లన్నీ నిండిపోయాయి. మైకు చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. భార్య వేయించిన వేరుశెనగల పొట్లం అతని ఒళ్లో పెట్టింది. "నోటికి కాస్త పని ఉండాలిగా" అంది.

ఆట మొదలైంది. ఇన్నాళ్లూ మైకు బంతినే చూసేవాడు. తర్వాత ఏం అరవాలా అని వెతుక్కునేవాడు. ఇప్పుడు వెతకాల్సింది ఏమీ లేకపోవడంతో కళ్లు తీరిగ్గా మైదానమంతా తిరిగాయి. బంతి ఎంత దూరాన ఉన్నా ఉడత ఒక్క చోట నిలబడడం లేదు. కాస్త ఇటు, కాస్త అటు, వేళ్ల కొసల మీద కదులుతూనే ఉంది. ఆ పిల్ల అంత పని చేస్తుందని అతను ఏనాడూ గమనించలేదు.

అప్పుడు వినిపించింది.

"నీ వెనకే ఉందీ! ఎడమకి రా, ఎడమకీ! వదలొద్దూ!"

ఖంగుమనే గొంతు. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకి గీత గీసినట్టు పోయింది. వెనక ఆడే పిల్లలు ఆ మాటకి టక్కున జరిగారు. అవతలి జట్టు అమ్మాయికి దారి మూసుకుపోయింది. మైకు ఆ అరిచిన మనిషి కోసం అటూ ఇటూ చూశాడు. ముందు మెట్టు మీదాయన పక్కవాడితో, "ఎవరి పిల్లండీ ఆ గోల్‌కీపరు? ఏం గొంతండీ బాబూ!" అన్నాడు.

మైకు నోట్లో వేరుశెనగ గింజ అలాగే ఉండిపోయింది. భార్య వైపు తిరిగాడు. ఆమె నవ్వుతోంది, కళ్లనిండా నీళ్లు.

"చూశారా, మీ పోలికే" అంది. "ఇన్నాళ్లూ సందు దొరకలేదంతే."

అతనికి ఒళ్లంతా ఝల్లుమంది. మాట చివర అలా లాగి వదలడం, ఊపిరి కడుపులోంచి తీసుకోవడం, అంతా తనదే. ఎవరూ నేర్పలేదు. ముందాయన భుజం తట్టి "మా అమ్మాయండీ" అని చెప్పాలని నాలుక దురదపెట్టింది. చెప్పేశాడు కూడా. అది అరుపు కాదు కాబట్టి మాట తప్పినట్టు కాదనుకున్నాడు.

కాసేపటికి అవతలి జట్టు అమ్మాయి ఒంటరిగా బంతితో దూసుకొచ్చింది. 'లోపలే ఉండు!' అన్న కేక మైకు గొంతుదాకా లేచింది. భార్య మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఉడత లోపల ఉండలేదు. బాణంలా ముందుకొచ్చి, నేలమీద జారి, ఆ అమ్మాయి కాళ్ల ముందునుంచి బంతిని ఒడిసిపట్టి గుండెకి హత్తుకుంది. మెట్లన్నీ లేచి నిలబడ్డాయి.

"అలా ముందుకి రాకూడదేమో అనుకున్నాను" అన్నాడు మైకు.

"మిమ్మల్నెవరడిగారు? చెయ్యి వదలండి, నొప్పెడుతోంది" అంది భార్య.

రెండో సగంలో చినుకులు పడ్డాయి. అప్పుడు జరిగింది ఆ పొరపాటు. మెల్లగా వచ్చిన మామూలు బంతి తడి తొడుగుల్లోంచి జారి, ఉడత కాళ్ల మధ్యనుంచి దొర్లి వలలోకి పోయింది. "అయ్యో" అన్నారు అందరూ. కంచె దగ్గర ఎవరో పకపకా నవ్వారు.

ఉడత తలెత్తి మెట్ల వైపు చూసింది. అంత జనంలో తండ్రిని వెతికి పట్టుకుంది. ఆ చూపు మైకుకి తెలుసు. ఏదో వచ్చి పడుతుందని కాచుకునే చూపు అది. ఇన్నేళ్లూ కంచె దగ్గర నిలబడి దాన్ని చూస్తూ కూడా చూడలేదు. ఇప్పుడు అతను నుదురు చిట్లించలేదు, చేతులతో సైగలు చెయ్యలేదు. ఒళ్లో పొట్లం కింద పడినా పట్టించుకోకుండా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మెట్ల మీద ఆ ఒక్కడివే చప్పట్లు. తర్వాత భార్య కలిసింది. ఆ తర్వాత ముందాయన.

ఉడత తలూపింది. వలలోంచి బంతి తీసి మధ్యకి విసిరి, "ఏం పర్లేదూ! ఇంకా టైముందీ! పదండి పదండీ!" అని జట్టంతటికీ వినపడేలా కేకేసింది.

ఆట ముగిసేలోపు ఉడత జట్టు ఆ గోల్‌కి బదులు గోల్ వేసింది. సమమైంది. పెనాల్టీలకి వెళ్లింది. ఉడత రెండు ఆపింది. రెండోదైతే ఇటు దూకబోయి, గాల్లోనే ఒళ్లు తిప్పి కాలితో ఆపింది. అవతలి గోల్‌కీపరూ తక్కువ తినలేదు. చివరికి అంతా ఒక్క బంతి మీద ఆగింది. కొట్టాల్సింది ఉడత స్నేహితురాలు, ఇళ్లకి రంగులు వేసే ఆయన కూతురు. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి కొట్టింది. బంతి అడ్డకర్ర మీదుగా ఆకాశంలోకి పోయింది.

ఓడిపోయారు. ఆ పిల్ల అక్కడే మోకాళ్ల మీద కూలిపోయి మొహం కప్పుకుంది.

రంగులాయన కంచె దగ్గరే ఉన్నాడు. మొహం కందగడ్డలా అయింది. "అంత తేలికైన బంతి! రోజూ పెరట్లో నిలబెట్టి కొట్టిస్తున్నానే!" అంటూ గేటు వైపు విసవిసా నడుస్తున్నాడు. మైకు మెట్లన్నీ దిగి అడ్డం వెళ్లి, భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, ఒక్క మాట."

"చూశావా మైకూ, ఏం చేసిందో!"

"చూశాను. తనూ చూసింది. తనకంటే దగ్గర్నుంచి ఎవరూ చూళ్లేదు."

"ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు నేర్చుకుంటుంది?"

"వాళ్ల మేడం నేర్పుతుందిలే. నేనూ నీలాగే ఏళ్ల తరబడి చెప్పాను. చివరికి మా పిల్ల నన్ను గేటు బయట కూర్చోబెట్టింది. నువ్వు ఆ బ్యాగు భుజానికేసుకుని పక్కన నడువు, చాలు. మాట్లాడాలనిపించినప్పుడు తనే మాట్లాడుతుంది."

రంగులాయన అతన్ని ఎగాదిగా చూశాడు. "మాట్లాడొద్దని నువ్వా నాకు చెప్తున్నది?"

"నేనే. ఎంత కష్టమో తెలుసు కాబట్టే చెప్తున్నాను."

రంగులాయన మైదానం వైపు చూశాడు. అక్కడ అతని కూతురు ఒంటరిగా లేదు. ఉడత వెళ్లి తడి గడ్డిలో ఆ పిల్ల పక్కన చతికిలబడింది. ఏమీ మాట్లాడడం లేదు. ఒక తొడుగు తీసి ఆ పిల్ల తల మీద టోపీలా బోర్లించింది. మొహం కప్పుకున్న చేతుల వెనకనుంచి ఏడుపులోంచే చిన్న నవ్వు వచ్చింది. మిగతా పిల్లలు కూడా ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూలబడ్డారు. రంగులాయన కోపం ఎటుపోయిందో, గబగబా వెళ్లి నేల మీదున్న బ్యాగు తీసుకున్నాడు.

మైకు కదల్లేదు. ఉడత ఆపిన బంతుల్ని చూసినప్పుడు ఛాతీ ఉప్పొంగిన మాట నిజమే. కానీ ఇప్పుడు లోపల నిండుతున్నది వేరు. ఇది ఎవరూ నేర్పింది కాదు. ఏ వీడియోలోనూ లేదు. ఇంత మనిషి ఎప్పుడైంది ఈ పిల్ల, అనుకున్నాడు.

కోచ్ మేడం తడిసిన టోపీ పిండుకుంటూ పక్కకొచ్చింది. "వచ్చే ఏడాది మీ అమ్మాయిని కెప్టెన్ చెయ్యాలనుకుంటున్నాను. మీరేమంటారు?"

చెప్పడానికి మైకు దగ్గర చాలానే ఉంది. నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు.

"తననే అడగండి మేడం" అన్నాడు.

ఆవిడ నవ్వింది. "మీరు బాగా నేర్చుకున్నారండీ" అని పిల్లల వైపు నడిచింది.

ఇంటికి వెళ్తుంటే వ్యాను ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. ఉడత మధ్యలో, బురద మోకాళ్లతో. మైకు వ్యానుని మైదానం మలుపు తిప్పాడు. తర్వాత ఉడత, "మేడం నన్నొకటి అడిగింది" అంది. అని, కెప్టెన్ సంగతి చెప్పింది. తను సరేనన్నదని చెప్పింది. జారిపోయిన ఆ బంతి గురించి తనంతట తనే చెప్పింది, అప్పుడు ఎంత సిగ్గేసిందో, చప్పట్లు విని ఎలా కుదుటపడిందో. రంగులాయన కూతురికి రేపట్నుంచి పెనాల్టీలకి తనే గోల్‌లో నిలబడతానని మాటిచ్చిందట. తల్లి కొంగుతో పిల్ల తల తుడుస్తూ ఊఁ కొడుతోంది. మాటకి మాట తోడై గొంతు పెరుగుతోంది. వ్యాను అద్దాలు సన్నగా అదురుతున్నాయి.

"నాన్నా, మన వీధి దాటిపోయావు" అంది ఉడత ఉన్నట్టుండి.

"తెలుసులే" అన్నాడు మైకు, ముందుకే చూస్తూ. "నువ్వు చెప్పేది కానీ."